వెనక సీటు బరువు

పెదనాన్న పోయాడన్న కబురు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను. పంపాక చూసుకుంటే, ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటో కిందే వచ్చి కూర్చుంది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఒకాయన మాత్రం ఫోన్ చేసి, కాస్త మొహమాటపడుతూ, "డిక్కీలో ఇసక మూటలేసుకుని తిరిగీ ఆయనేనా అమ్మా?" అని అడిగాడు. ఆయనే అన్నాను. ఈ హిందీ ఊళ్ళో మేముండే మాంగో పేటలో మా పెదనాన్నని పేరుపెట్టి ఎరిగినవాళ్ళు తక్కువ, ఇసక మూటల కారుతో ఎరిగినవాళ్ళు ఎక్కువ. అందుకని మీకు ఆ మూటల సంగతే చెబుతాను.

పెదనాన్న ఉద్యోగమంతా ఉక్కు కార్ఖానాలో క్రేన్ల మరమ్మతు. రిటైరయ్యాక అగ్రికోలో కంపెనీ క్వార్టరు వదిలి, నది దాటి మాంగోలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పై వాటాలో మేము ఉంటాం. పానా పట్టుకోవాలంటే ఇంట్లో ఉన్నా సరే కార్ఖానా బూట్లు వేసుకునేవాడు. విప్పిన బోల్టులన్నీ విప్పిన వరసలోనే పాత పేపరు మీద పేర్చేవాడు. ఆ పేపరులో వార్త చదవడానికి వంగితే కసిరేవాడు. టీ మాత్రం పని మధ్యలో తాగడు, చల్లారి మీగడ కట్టినా అలాగే ఉండాలి. పెద్దమ్మ ఆ గ్లాసు పట్టుకెళ్ళి మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చేది, అదీ చల్లారేది.

"మోసీదానికి, మోయాల్సిన దానికన్నా ఎక్కువ బలముండాలి" అని ఆయన మాట. క్రేన్ల దగ్గర నేర్చిన మాట అది, దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. మా దండెం క్రేను తాడుతో కట్టినది. మా గేటు తియ్యాలంటే భుజం ఆనించాలి. ఈ ఊళ్ళో మా వాళ్ళందరి ఇళ్ళూ ఇంతే, పూలకుండీ పెట్టే స్టాండు మీద ఏనుగుని నిలబెట్టవచ్చు.

పెద్దమ్మకి కేన్సరు వెన్నెముకలోకి దిగిందని తెలిసింది పోయినేడు. కరెంటు, అదే రేడియేషను, పెడితే నొప్పి కొంత తగ్గుతుంది, అంతకు మించి ఏమీ ఆశించొద్దని డాక్టరు ముందే చెప్పాడు. రోజూ పొద్దున్న వంతెన దాటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆటో మాటే లేదు. ఉన్న కారు పాతది, వెనక స్ప్రింగులు కుంగిపోయి గతుకు వచ్చిందంటే అడుగున ఇనుము ఇనుముకి కొట్టుకునేది. ఆ దెబ్బ నేరుగా పెద్దమ్మ నడుముకే తగిలేది. ఆవిడ అరిచే మనిషి కాదు. కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరవడానికి చాలాసేపు తీసుకునేది.

వెనక స్ప్రింగులూ, కుదుపు ఆపే షాకులూ ఇంటిదగ్గరే మార్చేస్తానన్నాడు పెదనాన్న. ఆయన కూతురు, మా చెల్లి, తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. గ్యారేజీకి ఇచ్చెయ్యమని, "పాపా, గ్యారేజ్ మే దే దో నా" అంది. ఆయన తలెత్తలేదు.

"గ్యారేజీవోడికి మీ అమ్మ నడుం తెలుసేటి?" అన్నాడు.



ఆదివారం ఇంటిముందు వీధిలోనే పని మొదలైంది. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డంపెట్టి, వెనక భాగం జాకీతో ఎత్తి, రైలు పట్టాల కింద వేసే చెక్క దుంగల మీద నిలబెట్టాడు. చక్రాలు ఊడదీశాడు. షాకుల కింది బోల్టులు తుప్పుతో పట్టేస్తే నూనె పోసి ఓపిగ్గా కూర్చున్నాడు. అవి వదిలాక ఇరుసు మెల్లగా కిందికి దింపితే, పాత స్ప్రింగులు ఇట్టే చేతిలోకి వచ్చేశాయి. వాటి పక్కన కొత్తవి పెడితే తండ్రీకొడుకుల్లా ఉన్నాయి, కొత్తవే తండ్రులు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా బలమైనవి ఏరి తెచ్చాడు మరి. నా పని టార్చి పట్టుకోవడం. అన్నీ బిగించి చక్రాలు ఎక్కించాక కూడా షాకుల బోల్టులు కొంత వదులుగానే ఉంచాడు. బండిని నేలకి దింపి, నాలుగు చక్రాల మీదా దాన్ని నిలబడనిచ్చి, అప్పుడు కిందికి దూరి ఆఖరి బిగింపు బిగించాడు.

"బరువు పడ్డాకే బిగించాల. గాల్లో ఉండగా బిగిస్తే లోపల రబ్బరు మెలిపడిపోద్ది, జన్మంతా మూలుగుతాది" అన్నాడు నాతో.

మధ్యాహ్నం పాత ఇనుము కొనే కబాడీవాడి బండి వస్తే పాత స్ప్రింగులు అందులో పడేశాడు. కారు వెనక భాగం జానెడు పైకి లేచి ఉంది. పెద్దమ్మ గుమ్మానికి ఆనుకుని చూసి, "ఏటిది, మిడతలాగుంది, గెంతుతాదేటి?" అంది. ఆయన నవ్వాడు. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలా కాలమైంది. నాకూ, సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆశ పుట్టింది.

సోమవారం పొద్దున్న పెద్దమ్మ పక్కన నేను కూర్చున్నాను. వీధి చివర స్పీడ్‌బ్రేకర్ దగ్గరే తెలిసిపోయింది. అడుగున కొట్టుకోవడం లేదు కానీ, కింద గులకరాయి పడ్డా సీటు ఎగిరి తన్నుతోంది. ఇక వంతెన మీద చెప్పేదేముంది. సిమెంటు పలకలు కలిసే ప్రతి అతుకు దగ్గరా పెద్దమ్మ నా చెయ్యి పట్టి నలిపేసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. వంతెన దిగాక పెదనాన్న బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"క్రేనుకి కట్టినట్టు కట్టీసేను. మీద బరువుంటేనే అది వంగుతాది" అన్నాడు. పెద్దమ్మ అప్పటికే చీరె మడతలో మనిషి ఉందా లేదా అన్నట్టు అయిపోయింది. అంత గట్టి స్ప్రింగుని వంచే బరువు ఆవిడలో ఏదీ?

ఆ సాయంత్రమే పాత స్ప్రింగుల కోసం కబాడీ దుకాణానికి పరిగెత్తాడు. లారీ ఎక్కి వెళ్ళిపోయాయన్నారు. ఈ ఊళ్ళో ఇనుము ఒక రూపంలో ఎక్కువ రోజులు ఉండదు, ఎక్కడో కొలిమిలో పడుతుంది. సాక్చి బజారు దుకాణాల్లో అడిగితే, అంత పాత మోడలుకి మెత్తటి స్ప్రింగులు బయటినుంచి తెప్పించాలి, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారు. తెప్పించమన్నాడు. ఆసుపత్రి మాత్రం ఆగదు కదా. అప్పుడు వచ్చాయి ఇసక మూటలు. డిక్కీ నిండా సర్దాడు. అదీ చాలక వెనక సీటులో మనుషులు కావాలన్నాడు. మా వీధిలో సాక్చి బజారుకు వెళ్ళే తెలుగు ఆడవాళ్ళని పిలిచి ఎక్కించుకునేవాడు. వాళ్ళు నవ్వుకుంటూనే వచ్చి, పెద్దమ్మకి దిండులా ఒదిగి కూర్చునేవారు. ఎవరూ దొరకని రోజు నేను ఎలాగూ ఉన్నాను. "నువ్వయితే ఇద్దరి పెట్టు" అనేవాడు. ఇంకొకరంటే ఊరుకునేదాన్ని కాదు.

బండి నిజంగానే మెత్తబడింది. మునుపటంత దెబ్బలు లేవు. అయినా ప్రతి అతుకు దగ్గరా అద్దంలో చూసి ఒకటే అడిగేవాడు.

"తగిలిందా?"

"నేదు" అనేది పెద్దమ్మ. నా చెయ్యి ఆవిడ గుప్పిట్లోనే ఉండేది.

కరెంటు పెట్టించడం పూర్తికాకుండానే ఆవిడ పోయింది. మెత్తటి స్ప్రింగుల పెట్టె ఆ తరువాత వచ్చింది. పెదనాన్న దాన్ని విప్పలేదు, మంచం కిందికి తోసేశాడు. డిక్కీలో మూటలు తీసెయ్యవచ్చు కదా అంటే, "ఉండనీ" అన్నాడు. వెనక సీటు ఖాళీగా ఉన్నా వంతెన అతుకుల దగ్గర బండి నెమ్మది చేసేవాడు, అద్దంలోకి చూసేవాడు. ముందు సీటులో కూర్చుని అది చూడటం నాకు కష్టంగా ఉండేది.

ఈ నెలలోనే ఆయనకి ఆయాసం ఎక్కువైంది. కాళ్ళు వాచాయి. కారు నడపడం నాకు ఆయనే నేర్పాడు కాబట్టి నేనే తీశాను. ముందు సీటులో కూర్చోలేక, వాలడానికి వీలుగా ఉంటుందని వెనక ఎక్కాడు, పెద్దమ్మ కూర్చున్న వైపే. ఆ కారు కొన్నాక ఆయన వెనక కూర్చోవడం అదే మొదలు. వంతెన మీద మొదటి అతుకు రాగానే నా నోటినుంచి అదే మాట వచ్చింది.

"తగిలిందా పెదనాన్నా?"

"నేదు" అన్నాడు.

మరో రెండు అతుకులు దాటాం. అద్దంలో చూస్తే ఆయన సీటు అంచుని చేత్తో తడుముతున్నాడు.

"తగుల్తందే" అన్నాడు. "ఇన్ని మూటలున్నా తగుల్తంది. మీ పెద్దమ్మ నాకు అబద్ధం సెప్పింది."

గేరు తగ్గించాను. అంతకన్నా నెమ్మదిగా వెళితే బండి ఆగిపోతుంది. వెనకనుంచి లారీ హారను కొడుతూనే ఉంది, వంతెన ఇంకా సగం ఉంది.

ఆ మాట ఆయనకి తెలియకుండా పోతే ఎంత బాగుండేదో. బోల్టు బోల్టుకీ వరస పెట్టుకున్న మనిషి, భార్యకి ఒక్క గతుకు తప్పించలేకపోయానని తెలుసుకుని పోయాడు. ప్రేమకి ఫలితం ఉంటుందని నేను ఎవరికైనా చెప్పబోతే నాలుక తిరగదు. నేను చూసింది ఒక మనిషి చేతనైనదంతా చెయ్యడం, అది చాలకపోవడం. ఆ చెయ్యడానికి నేను ఆయనకి దణ్ణం పెడతాను, అంతే.

పెద్దకర్మ అయ్యాక చెల్లి కారు అమ్మేసింది. తీసుకెళ్ళడానికి వచ్చినవాడు డిక్కీ తీసి, ఇవన్నీ ఎందుకు నింపారని హిందీలో అడిగాడు. చెల్లి దించెయ్యమని చెయ్యి ఊపింది. ఒక్కొక్క మూటే దించి మా గేటు పక్కన పడేశాడు. మూట దిగినప్పుడల్లా కారు వెనక కొంచెం కొంచెంగా పైకి లేచి, మళ్ళీ మిడతలా నిలబడింది. చెల్లి లోపలికి వెళ్ళి మంచం కింది పెట్టె తెచ్చి, ఇవీ ఈ బండివే అని ఇచ్చింది. వాడు దాన్ని వెనక సీటు మీద పెట్టాడు. కారు వీధి చివర స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగింది. వెనక అద్దంలోంచి, విప్పని ఆ పెట్టె సీటు మీద ఎగిరిపడటం నాకు కనిపించింది.