గోడ మీద ఇత్తడి పేర్లు

"...సంతకమే కదే చెల్లెమ్మా, ప్రాణం అడిగేనా?"

"ప్రాణమైతే ఆయన అడక్కుండానే ఇచ్చేస్తారు అన్నయ్యా. అందుకే గుమ్మంలో నిలబడ్డాను."

"అంటే లోపలికి రానివ్వవా?"

"ఎందుకు రానివ్వను? రా, కాఫీ తాగు. ఆ సంచీ మాత్రం కారులో పెట్టి రా."

పెరట్లో కొబ్బరిచెట్ల కింద నులకమంచం మీద పడుకున్న దానం ఈ మాటలన్నీ విన్నాడు. కళ్లు తెరవలేదు. వచ్చింది శ్యామ్ బాబు అని గొంతుని బట్టి తెలుస్తూనే ఉంది. తన భార్య హేమకి పిన్ని కొడుకు. హైదరాబాదు నించి పొద్దున్నే బయల్దేరి ఉంటాడు.

దానానికి భోజనం తర్వాత వచ్చేది నిద్ర కాదు. నిద్రకీ మెలకువకీ నడుమ ఎక్కడో ఒక రేవు ఉంది, అక్కడికి దిగుతాడు. ఈ ఒడ్డున రాజోలు కాలవ, ఆ ఒడ్డున సెయింట్ ఒరేల్. కొబ్బరాకుల చప్పుడు రెండు ఒడ్లకీ ఒకటే. ఏ ఒడ్డున ఉన్నాడో కాసేపటి దాకా అతనికే తెలియదు.

సెయింట్ ఒరేల్ నడిసముద్రంలో ఒక చిన్న దేశం. పొద్దున్నే సైకిలెక్కితే భోజనాల వేళకి దేశమంతా చుట్టి రావచ్చు. శ్యామ్ బాబు అక్కడొక ఆఫీసులో మేనేజరు. హేమకి రాజోలు స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చిన ఏడే, ఖాళీగా తిరుగుతున్న దానాన్ని వెంటబెట్టుకు వెళ్లి అటెండరుగా వేయించేడు. ఏడాదికోసారి ఇంటికి వచ్చి వెళ్తూ, జుట్టు నెరిసేదాకా దానం అక్కడే ఉండిపోయేడు.

ఆ ఆఫీసు చేసే పనేమిటో అతనికి చాలాకాలం అంతుపట్టలేదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఆ దీవిలో కంపెనీలు పెట్టుకునేవారు. కంపెనీకి ఒక పేరు, ఒక చిరునామా, ఒక బ్యాంకు ఖాతా ఉంటే చాలు, మనుషులు రానక్కర్లేదు. చిరునామా అన్నిటికీ ఆ ఆఫీసే. వీధివైపు గోడ నిండా ఇత్తడి రేకులు, రేకుకొక పేరు. ఉప్పుగాలికి తెల్లారేసరికల్లా నల్లబడిపోయేవి. వాటిని మెరిపించడం దానం పని. ఆఫీసువాళ్లు సీసాలో ఏదో పాలిష్ ఇచ్చేరు గానీ, అతను ఇంటి నించి తెచ్చుకున్న చింతపండుతోనే తోమేవాడు. చిన్నప్పుడు చర్చిలో దీపస్తంభాలు అలాగే తోమేవాడు.

వాటిలో ఒక్కటీ మనిషి పేరు కాదు. కొంగల పేర్లు, నక్షత్రాల పేర్లు, ఏ పటంలోనూ లేని నదుల పేర్లు. తోముతూ ఒక్కొక్కరినీ పలకరించేవాడు. "మీ వైపు వానలు పడ్డాయాండీ?" రేకు వెలిగేది. అతనికి అదే జవాబు. సముద్రం మీంచి ఎండ వచ్చి గోడకి తగిలితే పేర్లన్నీ ఒక్కసారి నిప్పులా మండేవి. అప్పుడు చేతిలో గుడ్డతో వీధిలో నిలబడి, పెళ్లివారి కోసం ఎదురుచూసే మనిషిలా అటూ ఇటూ చూసేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు.

అతను అద్దెకున్న ఇల్లు తెరీజమ్మది. చేపల రేవులో బుట్ట పెట్టుకుని కూర్చునే మనిషి. ఆవిడ కూతురు ప్రిసిల్లా అప్పట్లో కాలేజీలో చదువుతుండేది. "ఆ గోడమీదవాళ్లు ఎప్పుడొస్తారు అంకుల్?" అని ఆటపట్టించేది. "క్రిస్మస్‌కి వస్తారమ్మా" అనేవాడు.

ఒకరోజు శ్యామ్ బాబు అతన్ని గదిలోకి పిలిచి కుర్చీ చూపించేడు. అలా కూర్చోబెట్టడం అదే మొదలు. "బావగారూ, ఈ బ్లూ హెరాన్ కంపెనీకి ఇక్కడే ఉండే డైరెక్టరొకరు కావాలి. మీకంటే నమ్మకస్తుడు నాకెవరున్నారు?"

"ఆయ్" అన్నాడు దానం.

దానం తాతకి వేలిముద్రే. పొలం పనికి వెళ్లినా, పాలేరుగా కుదిరినా, బొటనవేలికి సిరా రాసి ఎవరో పట్టుకుని అద్దేవారు. ఆయన కొడుకు అబ్రహాము, అంటే దానం తండ్రి, చర్చి పంతులుగారి దగ్గర పేరు రాయడం నేర్చుకున్నాడు. పేట మొత్తంలో మొదటి సంతకం అబ్రహాముది. ఇక పెళ్లికైనా, పంపకాలకైనా, స్థలం కాగితాలకైనా సాక్షిగా ఆయనే. ఉతికిన పంచె కట్టుకుని వెళ్లి, భుజం మీది తువ్వాలుకి వేళ్లు తుడుచుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, అప్పుడు పెట్టేవాడు. కాగితం చదివేవాడు కాదు. చదవడం వచ్చాక కూడా చదవలేదు. "మనల్ని నమ్మి పిలిచినవాడి కాగితం చదివితే, నిన్ను నమ్మలేదురా అని మొహాన అన్నట్టు" అనేవాడు. పేటలో అదే మర్యాదగా నిలిచిపోయింది. ఇంటర్ పాసైన దానం కూడా ఆ రోజు వేళ్లు తుడుచుకునే సంతకం పెట్టేడు. మర్నాటి నించీ గోడమీద బ్లూ హెరాన్ అనే ఆ నీలికొంగ రేకుని మిగతావాటికంటే కాస్త ఎక్కువసేపు తోమేడు.

ఆ తర్వాత దీవికి గడ్డుకాలం వచ్చింది. దొంగసొమ్ము దాచే చోటని పెద్ద దేశాలు దాన్ని వెలివేసినంత పని చేసేయి. బయటి బ్యాంకులు దీవి బ్యాంకులతో లావాదేవీలు ఆపేస్తామన్నాయి. గోధుమపిండి కూడా ఓడలో రావలసిన దేశం. దీవి సర్కారు హడలిపోయి కొత్త చట్టం తెచ్చింది: ప్రతి పేరు వెనకా ఉన్న అసలు మనిషెవరో చెప్పి తీరాలి. వారం తిరక్కుండా గోడమీద రేకులు ఊడిపోయేయి. ఊడినచోటల్లా పచ్చటి మరకలు. దానం అలవాటు కొద్దీ గుడ్డ తడిపి ఆ మరకల్ని కూడా తుడిచేడు. పోలేదు. ఆఫీసు మూసేసి శ్యామ్ బాబు హైదరాబాదు చేరేడు, దానం కాలవగట్టుకి.

మొన్న ప్రిసిల్లా ఫోను చేసింది. ఇప్పుడు ఆ దేశంలో ఆర్థిక నేరాలు పట్టుకునే ఆఫీసులో పెద్ద అధికారి. జాలర్ల పొదుపు సంఘం సొమ్ము బ్లూ హెరాన్ పేరు మీదుగా బయటికి పోయిందట. పంపమన్న కాగితాల మీద ఉన్నది దానం సంతకమట.

"మా అమ్మ దాచుకున్నది కూడా అందులోనే ఉంది అంకుల్" అంది. "ఆ సంగతి పైవాళ్లకి రాసిచ్చేను. కేసు వేరే అధికారికి ఇమ్మంటే ఎవరున్నారు? మా దీవిలో చుట్టం కానివాళ్ల మీదే కేసు పెట్టాలంటే అసలు కేసులే ఉండవు. మీరొచ్చి కోర్టులో చెప్పాలి. టిక్కెట్టు మేము పంపుతాం. కానీ వస్తే మీ మీద కేసు ఉండదని మాత్రం మాటివ్వలేను."

ఆలోచించుకుంటానన్నాడు. ఆ సంగతి హేమకి చెబితే ఆవిడ ఒక్కటే అంది. "ఇంక ఆ ఫోను ఎత్తకండి. వాళ్లే మర్చిపోతారు."

కాలిచప్పుడు దగ్గరికి వచ్చింది. ఇంటి పక్క సందులోంచి శ్యామ్ బాబు పెరట్లోకి వచ్చేసేడు, సంచీతో సహా.

"ఏం బావగారూ, కొత్తల్లుడిలా పడుకున్నారు!"

దానం లేచి కూర్చుని మంచం మీద చోటిచ్చేడు. "ఆయ్, రండి. ప్రయాణం బాగా జరిగిందాండీ?"

"బాగానే జరిగింది. మీ ఆవిడ గుమ్మంలో టోల్‌గేటు పెట్టింది, అక్కడే ఆగిపోయేను."

వెనకాలే హేమ వచ్చింది, చేతిలో కాఫీ గ్లాసు. "టోలు కట్టకుండా సందులోంచి వచ్చేసేవు కదా అన్నయ్యా. నీకలవాటే."

శ్యామ్ బాబు నవ్వేడు. గ్లాసు అందుకుని, తాగకుండా మంచం కోడు పక్కన పెట్టేడు. నవ్వు పోయింది.

"బావగారూ, ఆ పిల్ల నాక్కూడా నోటీసు పంపింది. నన్నైతే ఏ ఎయిర్‌పోర్టులోనైనా ఆపేస్తారు. పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి. మిమ్మల్ని ఈ కాలవగట్టుకొచ్చి పట్టుకెళ్లేదెవరండీ? ఒక్క పేజీ. అప్పట్లో ఆ కంపెనీ పనులు మీరే చూసుకున్నారని. అంతే." సంచీలోంచి కాగితం తీసి, పెన్ను మూత తీసి చాచేడు. "మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది నేను. ఈ ఇల్లు లేచింది ఆ జీతంతో. నేనెప్పుడైనా చెప్పుకున్నానా?"

"లేదండీ" అన్నాడు దానం.

చెయ్యి దానంతటదే భుజం మీది తువ్వాలు మీదికి పోయింది. వేళ్లు తుడుచుకుంటోంది. హేమ అది చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

పొద్దు వాలుతోంది. కొబ్బరాకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడి, చెట్టు చెట్టుకీ ఒక ఇత్తడి రేకు కొట్టినట్టుంది. కొంగలు, నక్షత్రాలు, ఎక్కడా లేని నదులు. కాలవగట్టు మీద ఉతికిన పంచె కట్టుకుని తండ్రి నడిచి వస్తున్నాడు. ఆయన వెనక తాత, సిరా అంటిన బొటనవేలు గాలిలో ఎత్తి పట్టుకుని, ఎక్కడా అద్దకుండా. ఇద్దరూ ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి రేకు చూస్తున్నారు. తాత ఏదో అడుగుతున్నాడు. తండ్రి వంగి చదివి చెబుతున్నాడు.

"బావగారూ" అన్నాడు దానం, "అదేదో కాస్త చదివి వినిపించండి."

పెన్ను పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "చదవడమేంటండీ? నా మీద నమ్మకం లేదా?"

"ఉందండీ. అందుకే మీ నోటితో వినాలనుంది."

శ్యామ్ బాబు చెల్లెలి వైపు చూసేడు. ఆవిడ మొగుడినే చూస్తోంది. శ్యామ్ బాబు ఇంగ్లీషులో రెండు ముక్కలు గబగబా చదివేడు.

"తెలుగులో చెప్పండి. హేమ కూడా వింటుంది."

"కీర్తిశేషులు అబ్రహాముగారి కుమారుడు దానం అను నేను... ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారమే..." అక్కడ ఆగిపోయేడు.

"కానివ్వండి."

"మిగతాది మామూలేనండీ."

"మా నాన్న పేరు మళ్లీ ఒకసారి చదవండి."

శ్యామ్ బాబు కాగితం మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కాలవలో ఎవరిదో పడవ వెళ్తోంది, తెడ్డు చప్పుడు దగ్గరికొచ్చి దూరమైపోయింది. తాటిపాక రిఫైనరీ వైపు ఆకాశం అంచున గ్యాసు మంట ఎర్రగా తేలింది.

"సంతకం వద్దన్నాను సరే" అంది హేమ నెమ్మదిగా, మొగుడి పక్కకొచ్చి. "ఇక్కడితో వదిలెయ్యండి. ఆ ఊసే ఎత్తొద్దు. మీరు వెళ్తే తిరిగొస్తారని ఎవరు చెప్పగలరు?"

దానం తువ్వాలు భుజం మీంచి తీసి, మడత విప్పి దులిపి, మంచం మీద పరిచేడు. కాఫీ గ్లాసు తీసి బావగారి చేతికిచ్చేడు.

"తాగండి, చల్లారిపోతుంది" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగేడు. "ప్రిసిల్లాకి ఫోను చెయ్యి హేమా. వస్తున్నానని చెప్పు. సంతకాలు నేనే పెట్టేనని కోర్టులో చెబుతాను. ఎవరు పెట్టమన్నారో, అదీ చెబుతాను."