వదినగారు మోసిన తప్పు

మా వియ్యపురాలు కాకినాడలో పోయారన్న కబురు పోయిన వారం ఒకరోజు పొద్దున్నే, అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే క్యారీ ఊరికి వచ్చింది. అల్లుడు ఫోన్ పట్టుకుని వాళ్ళమ్మ కోసం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, మనవరాలు నా ఒళ్ళోకి వస్తుందా రాదా అని ఓరకంట చూశాను. ఆవిడంటే నాకంత కుళ్ళు. దాచడమెందుకు?

పాపని చూసుకోవడానికి మేమిద్దరం వంతులు వేసుకునేవాళ్ళం. ఆర్నెల్లు ఆవిడ, ఆర్నెల్లు నేను. నేను దిగేసరికి ఇల్లంతా ఆవిడ కబుర్లే. రెండు గంటలు డ్రైవ్ చేస్తే ఒక రిజర్వ్ వస్తుంది, చెట్టూ చేమా ఎవరూ ముట్టకుండా కాపాడే చోటు. చిత్తడినేల, పొట్టి పొదలు, మధ్యలో చెక్కబాట. ఈగల్ని పట్టి తినే మొక్కలుంటాయక్కడ. వాటిని పాపకి చూపించింది ఆవిడే. నేను గారెలు వండి పెడితే తింటూ కూడా ఆ మొక్కల సంగతే చెప్పేది పాప. గారెలు ఎలా ఉన్నాయో చెప్పేది కాదు.

ఒక్కసారి, వంతులు మారే వారంలో, అందరం కలిసి వెళ్ళాం. అల్లుడు ఆఫీస్ కాల్ ఉందని కార్‌లోనే ఉండిపోయాడు. బాట పక్కన తెల్లపూలు విరగబూసి ఉన్నాయి. పూజకి పనికొస్తాయని గుప్పెడు కోసేశాను.

"అమ్మమ్మా, నో! ఇక్కడ కొయ్యకూడదు!" పాప అరిచింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నేనే కొయ్యమన్నానమ్మా, తప్పు నాదే" అన్నారు వదినగారు చప్పున.

పాప ఆవిడ మీద అలిగి, తిరుగు ప్రయాణమంతా నా భుజానికి ఆనుకుని కూర్చుంది. నాకు కావలసింది అదే. నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక ఆవిడ నాతో ఒక్క మాటన్నారు. "మనం ఇక్కడ చుట్టాలం వదినగారూ. చుట్టపుచూపుగా వచ్చి పెరట్లో పూలు కోసుకుపోతామా?" నవ్వుతూనే అన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

మొన్న శనివారం పాప అడిగితే మా అమ్మాయి మమ్మల్ని మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళింది. ఉండబట్టలేక చెప్పేశాను. "ఆ రోజు నానమ్మ కొయ్యమనలేదమ్మా. నేనే కోశాను."

"ఐ నో, అమ్మమ్మా. నెక్స్ట్ డేనే నానమ్మని అడిగాను."

"ఏమన్నారు?"

"అమ్మమ్మకి చెప్పకు, ఫీల్ అవుతుంది అంది."

ఇన్నాళ్ళూ ఇద్దరూ కలిసి నా పరువు కాపాడారన్నమాట. ఏడుపొచ్చింది. పోయిన మనిషి మీద మళ్ళీ కుళ్ళూ వచ్చింది.

పాప ముందుకెళ్ళి, చెక్కబాట రెయిలింగ్ మీద గడ్డం ఆనించి నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. పక్కన ఇంకో మనిషికి చోటుంది, వాళ్ళ నానమ్మ నిలబడేంత. నేను వెంటనే వెళ్ళలేదు.