తలుపు కడియానికి కట్టిన నడికట్టు

ముందు కడియం చప్పుడు వినిపించేది. ఆదివారం పొద్దున్నే, రొట్టెల కొట్టు ఇంకా తెరవకముందే, రియుసెక్ ఊరి పై వీధిలో ఒక ఇనుప కడియం కిర్రుమని మూలిగి, కాస్త ఆగి, మళ్ళీ కిర్రుమనేది. బాదం తోటల మీదుగా వచ్చే గాలి ఆ చప్పుడును కిటికీ కిటికీకీ మోసుకెళ్ళేది. పడకల్లో ఉన్నవాళ్ళు కళ్ళు తెరవకుండానే నవ్వుకునేవాళ్ళు. ఇసిద్రె నడికట్టు చుట్టుకుంటున్నాడు. ఇవాళ కూడా తలుపునే సాయం అడిగాడు.

కాసేపటికి మనిషి బయటికి వచ్చేవాడు. పొట్టిగా, వెడల్పుగా, మెడ అన్నదే లేకుండా, తాను పేర్చిన గోడల్లో ఒకటి లేచి నడిచి వస్తున్నట్టు ఉండేవాడు. తెల్ల ప్యాంటు, ముదురెరుపు చొక్కా, నడుముకి నల్లటి గుడ్డ. సున్నం ముట్టకుండా రాయి మీద రాయి పేర్చి కొండవాలుకి గోడలు కట్టడం ఆయన వృత్తి. పండుగనాడు మాత్రం తానే గోడ. చర్చి ముందు మైదానంలో ఎర్రచొక్కాల జట్టు మనుషుల గోపురం లేపేటప్పుడు, ఎవరికీ కనిపించని అట్టడుగున, నలుగురు అడుగు మనుషుల్లో ఒకడిగా నిలబడేవాడు. చుట్టూ వందమంది ఒకరినొకరు అదుముకుని కుదురులా బిగుసుకుంటారు. భుజాల మీద భుజాలు లేస్తాయి. ఆ పైన, గువ్వలు తిరిగే ఎత్తులో, ఒక చిన్నపిల్ల క్షణం సేపు చెయ్యెత్తి దిగిపోతుంది.

నడికట్టు చాలా పొడవు. ఒక్కరే చుట్టుకునేది కాదు. ఒకరు కొస పట్టి బిగించి లాగాలి. కట్టుకునేవాడు బొంగరంలా తిరుగుతూ, గుడ్డను ఒంటికి చుట్టుకుంటూ, కొస పట్టినవాళ్ళ దగ్గరికి చేరాలి. కింద నిలబడ్డవాడి నడుము విరగకుండా ఆపేది ఆ గుడ్డే. పైకి ఎక్కేవాళ్ళు మొదట కాలివేళ్ళు దూర్చేదీ దాని మడతలోనే. అందుకే ఆ కొసను ఎవరికిపడితే వాళ్ళకి ఇవ్వరు. ఇసిద్రె కొస ఆయన కూతురు ఎలిసెండాది. నడక నేర్చిన ఏడాది దాన్ని పట్టుకుని వేలాడింది. పెద్దయ్యాక తానే నాన్నను బిగించి, తానే ఆయన భుజాలెక్కి నిలబడింది. ఆమె అరికాళ్ళు ఆయన మెడకి అటూ ఇటూ వాలిన రెండు పిచ్చుకల్లా వెచ్చగా ఉండేవి.

ఆ పిచ్చుకలు ఎగిరిపోయింది ఒక చలికాలపు ఆదివారం. పెరట్లో ద్రాక్షకొమ్మల మంట మీద ఉల్లికాడలు కాలుతున్నాయి. తల్లీ తండ్రీ కూతురూ, ముగ్గురి వేళ్ళూ మసిగా ఉన్నాయి. తాను తెక్లాతో కాపురం పెడుతున్నానని, పెళ్ళి కూడా చేసుకుంటామని ఎలిసెండా ఉప్పు అందించమన్నంత మామూలుగా చెప్పింది.

ఇసిద్రె చేతిలోని కాడ పచ్చడి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఏ తెక్లా?"

"బాదం సొసైటీలో బస్తాలు మోసే తెక్లా."

"ఆ నీలంచొక్కా పిల్లా?"

దొరికిన కొమ్మ పట్టుకున్నట్టు ఆ మాట పట్టుకున్నాడు. నీలంచొక్కాలంటే ఊళ్ళో రెండో జట్టు. వాళ్ళ గోపురం కూలితే, ఆ జట్టులో సొంత అన్నదమ్ములున్నవాళ్ళు కూడా వీళ్ళ ఇళ్ళలో రహస్యంగా గ్లాసులు తాకించుకుంటారు. నీలంచొక్కా మనిషి తన గడప తొక్కడానికి వీల్లేదని ఇసిద్రె తీర్పు చెప్పేశాడు. ఆడపిల్ల అన్న మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు. గొంతులో ఇరుక్కున్నది మాత్రం అదే.

ఎలిసెండా చేతుల మసి కడుక్కుంది. "చొక్కా సంగతి కాదు నాన్నా. నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెక్లా ఈ గడప దాటిన రోజే నేనూ దాటతా. అప్పటిదాకా నీ కొస నువ్వే పట్టుకో."

తర్వాతి ఆదివారం ఆయన నడికట్టు కొస తీసుకెళ్ళి భార్య అసుంప్తా ముందు పెట్టాడు. ఆమె వెల్లుల్లి వలుస్తూ తలెత్తలేదు. "నా కూతురు వదిలేసిన కొస నేను పట్టను. తలుపుందిగా, దాన్నడుగు."

ఆయన కొసను కడియానికి కట్టి తలుపునే అడిగాడు. వీధికి ఆ చప్పుడు అలా పరిచయమైంది.

వసంతం వచ్చేసరికి ఇంకో వింత జరిగింది. తెక్లా తన నీలంచొక్కా ఉతికి, మడతపెట్టి, వాళ్ళ పెద్దకి అప్పగించి, ఎర్రచొక్కాల సాధన కొట్టానికి వచ్చింది. ప్రతి పండుగకీ ఇద్దరం ఎదురెదురుగా నిలబడలేమని, ఎవరో ఒకరు మారాలని, ఎలిసెండా కంటే తనకే మొండితనం తక్కువని చెప్పిందట. జట్టు పెద్ద బొనిఫాసి ఆమె భుజాలు చూసి మురిసిపోయాడు. ఇసిద్రె వెనక వెన్నుదన్నుగా నిలబడేవాడు మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాడు మరి. ఆ చోటు తెక్లాకిచ్చాడు.

తన వెనక ఆమె వద్దన్నాడు ఇసిద్రె.

"వీపుకి దన్ను కావాలి గానీ మొహంతో నీకేం పనిరా? గోడ కట్టేటప్పుడు రాయిని ఏ కొండ నీదని అడుగుతావా?" అన్నాడు బొనిఫాసి.

"అడుగుతా," అన్నాడు ఇసిద్రె.

అడిగినా వేరే రాయి దొరకలేదు. చొక్కా ఎరుపెక్కాక ఆయనకి సాకూ మిగల్లేదు.

ఎండాకాలమంతా ఆ ఇద్దరూ అలా నిలబడ్డారు. కుదురు లోపల వెలుగు ఉండదు. చెమట, ఊపిరి, గుడ్డల వాసన, పైనుంచి సన్నాయి. పైన ఏం జరుగుతోందో కింద ఉన్నవాళ్ళు చూడలేరు, సన్నాయి మారే తీరును బట్టి తెలుసుకుంటారు. ఆయన వీపుకి ఆమె ఛాతీ ఆని ఉండేది. బరువు పెరిగేకొద్దీ ఆయన ఊపిరి తడబడేది, వెనక ఊపిరి మాత్రం బావిలో నీళ్ళంత నిదానంగా ఉండేది. తెలియకుండానే ఆయన దాంతో శ్రుతి కలిపేవాడు. తలెత్తితే ఎదురుగా ఉన్న అడుగు మనిషి భుజాల మీద కూతురి పాదాలు కనిపించేవి. చేయి చాపితే అందేటంత దూరం.

ఆగస్టు పండుగనాడు తలుపు మోసం చేసింది. తలుపు మనిషిలా లాగదు, ఉన్నచోట ఉంటుంది. వదులు ఎక్కడుందో దానికి తెలియదు. గోపురం సగం లేచాక ఇసిద్రె నడికట్టు మడత జారింది. గుడ్డ విడిపోతోంది, నడుము వంగుతోంది, పై వరసలు గాలిలో కొమ్మల్లా వణుకుతున్నాయి. వెనకనుంచి రెండు చేతులు వచ్చి జారే గుడ్డను పిడికిళ్ళకి చుట్టుకుని బిగించాయి. పైనున్న చివరి పిల్ల నేల తాకేదాకా వదల్లేదు. కుదురు విడిపోయాక చూస్తే తెక్లా వేళ్ళ చర్మం లేచిపోయి ఉంది.

గోపురం ఎందుకు వణికిందని బొనిఫాసి అడిగితే తన కాలు జారిందని చెప్పిందామె.

"అబద్ధం," అన్నాడు ఇసిద్రె. "జారింది నా నడికట్టు." తర్వాత ఆ వేళ్ళకేసి చూస్తూ, ఆమెతో మొట్టమొదటిసారి మాట్లాడాడు. "ఆ చేతుల్తో రేపు బస్తాలెలా మోస్తావ్?"

"వీపుతో. చేతులు ఊరికే తోడొస్తాయంతే."

నవ్వు రాబోయింది ఆయనకి. మింగేశాడు.

మర్నాడు సొసైటీ అరుగు మీద గాయాలకి రాసే, ఆలివ్ నూనెలో కాచిన మైనం ఒక చిన్న సీసాలో కనిపించింది. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదట. సెప్టెంబరులో ఆ ఆడపిల్లలిద్దరూ పనికి వెళ్ళిన రోజు, వాళ్ళ అద్దె ఇంటి పెరట్లో ఎప్పుడో కూలిన గోడ మళ్ళీ లేచింది. సున్నం లేదు. రాయికి రాయి పిల్లికూన తల్లిని ఆనుకున్నట్టు ఆనుకుని ఉంది. అలా పేర్చే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే. ఎలిసెండా చాలాసేపు ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడిందని, తర్వాత తల్లికి ఫోన్ చేసి ఒక్క ముక్క అన్నదని చెబుతారు: "గోడ కడతాడు గానీ తలుపు తియ్యడు."

అసుంప్తా ఆ ముక్కను ఉన్నదున్నట్టు మొగుడికి వడ్డించింది. ఆ రోజు ఆయన చారు చల్లారిపోయేదాకా గిన్నెలోనే ఉంది.

అక్టోబరులో ఊరి పెద్ద పండుగ. ఎర్రచొక్కాలు ఎన్నేళ్ళుగానో ఒక్కో వరసలో నలుగురుండే పెద్ద గోపురం ఎక్కడమే గానీ, చెదరకుండా దించింది లేదు. దించితేనే లెక్క. ఆ పొద్దున వీధి వీధంతా పడకల్లో చెవులు రిక్కించింది. కడియం చప్పుడు లేదు. రొట్టెల కొట్టు తెరిచారు, చర్చి గంట మోగింది, కడియం పలకలేదు.

ఇసిద్రె నడికట్టును చంటిపిల్లలా చేతుల్లో పెట్టుకుని దిగువ వీధికి నడిచిపోతున్నాడు. అద్దె ఇంటి తలుపు తట్టాడు. నోట్లో రొట్టెముక్కతో తెక్లా తలుపు తీసింది. వెనక ఎలిసెండా, సగం అల్లిన జడతో.

ఆయన కొస చాపాడు. "పట్టుకో."

తెక్లా రొట్టె మింగి, చేతులు గౌనుకి తుడుచుకుని, కొస పట్టుకుని వెనక్కి వాలింది. "పొట్ట లోపలికి పీల్చండి."

"పీల్చాకే ఇంతుంది."

ఆయన తిరగడం మొదలుపెట్టాడు. తలుపు, గోడ, కూతురు. తలుపు, గోడ, కూతురు. తిరిగిన కొద్దీ గుడ్డ తరుగుతోంది, దూరమూ తరుగుతోంది. చివరి చుట్టుకి ఎదురెదురుగా నిలబడ్డారు. ఇన్ని నెలలు తన వీపుకి మాత్రమే తెలిసిన మనిషి మొహాన్ని ఆయన మొదటిసారి తీరిగ్గా చూశాడు. ఆమె కొసను మడతలో దోపి, ఒక్క చరుపు చరిచింది.

"మధ్యాహ్నం భోజనానికి రండి. ఇద్దరూ. మీ అమ్మ కుందేలు వండుతోంది," అన్నాడు ఆయన. కూతురి వైపు తిరిగి, గోడకి చెబుతున్నట్టు మెల్లగా కలిపాడు. "నువ్వన్నదే నిజం. చొక్కా సంగతి కాదు."

ఎలిసెండా జడ పూర్తి చేయడం మర్చిపోయింది.

ఆ మధ్యాహ్నానికి ముందు మైదానంలో ఆమె, నాన్న నడికట్టులో కాలివేలు దూర్చి, ఆయన భుజాలెక్కింది. రెండు పిచ్చుకలు వచ్చి వాలాయి. కుదురు బిగుసుకుంది. వెనక ఆ నిదానమైన ఊపిరి. సన్నాయి లేచింది, పలచబడింది, పైన ఎక్కడో చిన్న చెయ్యి లేచినట్టుంది, రాగం మారింది. ఇక దిగాలి. ఇసిద్రె ఎముకల్లో బరువు ఒక్కో మెట్టూ కరిగిపోతోంది, ఉదయం మంచు రాళ్ళ మీంచి జారినట్టు. చివరికి భుజాల మీది పాదాలు కూడా నేలకి దిగాయి. మైదానం ఒక్క గొంతుతో అరిచింది. కూతురు ఆయన మెడ పట్టుకుని ఏడుస్తోంది, వెనకనుంచి తెక్లా ఇద్దరినీ కలిపి వాటేసుకుంది, ఆయన మధ్యలో రాయిలా నిలబడి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే ఏడ్చాడు.

నీలంచొక్కాల ముసలి అడుగు మనిషి గాస్పార్ వచ్చి చెయ్యి కలిపాడు. "మా పిల్ల పట్టుకోబట్టి నిలిచార్రా," అని దెప్పాడు.

"మీ పిల్ల ఎప్పుడైందిరా? మా ఇంటి పిల్ల," అన్నాడు ఇసిద్రె, మైదానం అవతల ఉన్న అసుంప్తాకి కూడా వినిపించేలా.

ఆ మధ్యాహ్నం కుందేలు చాలలేదు. గడప దాటింది ఇద్దరే కాదు, ఎర్రచొక్కాలు సగం మంది.

పెళ్ళయిన మరుసటి ఏడు, పండుగ పొద్దున, ఇదంతా రాసుకోవచ్చా అని నేను అడిగితే ఇసిద్రె వంకరపోయిన తలుపు కడియాన్ని వేలితో ఒకసారి మీటాడు. "రాసుకో. దీన్ని బాగు చేయించలేదని కూడా రాయి. ఇంత మొండివాడు ఈ ఇంట్లో ఉండేవాడని తెలియాలిగా. ఇక పక్కకి జరుగు, మా తెక్లా కొస పట్టుకుని నిలబడింది."