పదకొండు కిలోబైట్ల రాతపెట్టె

జగదల్‌పూర్‌లో వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పే ఓ చిన్న శిక్షణ కేంద్రం ఉంది. స్వర్ణకుమారి అక్కడ ఏడేళ్లుగా పాఠాలు చెబుతోంది. తండ్రి సన్యాసిరావుది పార్వతీపురం దగ్గర పల్లె. కిరండూల్ రైలు లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేరి, ముప్పై ఏళ్లు పట్టాల వెంట నడిచి, రిటైరయ్యాక ఇక్కడే రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. స్వర్ణ ఇంట్లో తెలుగు, క్లాసులో హిందీ, కూరగాయల దగ్గర స్థానికుల హల్బీ మాట్లాడుతుంది. ఆమెకు అదొక విశేషమని ఎప్పుడూ తోచలేదు.

కేంద్రంలో పద్నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ ఏదో ఆఫీసు వాడి వదిలేసినవే. పిల్లలు కోడు రాసి చూసుకోవడానికి నెట్‌లో దొరికే ఒక పేజీ వాడేవారు. అందులో కోడు రాసే పెట్టె చాలా బరువైనది. పది గంటలకు క్లాసు మొదలైతే అది తెరుచుకునేసరికి పదీ ఇరవై అయ్యేది. వాన పడితే అసలు తెరుచుకునేదే కాదు.

దోర్నపాల్ అవతలి ఊరి నుంచి వచ్చే హుంగీ అనే అమ్మాయి సెలవుల తర్వాత ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ఇంటి దగ్గర ఆ పేజీ రాకపోవడంతో, కోడంతా పెన్నుతో కాగితం మీద రాసి, తర్వాత ఫోన్లో మామూలు నోట్సులో కొట్టిందట. అందులో అన్ని అక్షరాలూ ఒకే నలుపు కాబట్టి, ఎక్కడ బ్రాకెట్ వదిలేసిందో వెతకలేక రెండు రోజులు పోయాయంది. ఫిర్యాదుగా కాదు, మామూలుగానే చెప్పింది. కానీ ఆ నోటుపుస్తకం చూశాక స్వర్ణకు ఊరుకోబుద్ధి కాలేదు. ఫోన్లో కూడా చిటికెలో తెరుచుకునే పెట్టె ఒకటి తానే తయారుచేయాలనుకుంది.

అలాంటిది ఆమె అంతకుముందు ఎన్నడూ చేయలేదు. పాఠాలు చెప్పడం వేరు, పదిమంది వాడే వస్తువు కట్టడం వేరు. పొద్దున్నే కేంద్రం తాళం తీసి, పిల్లలు వచ్చేలోగా గంటన్నర కూర్చునేది. పద్ధతి మాత్రం సులువుగానే తోచింది. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టెలు. పైదాంట్లో మనం టైపు చేస్తాం, కానీ అందులో అక్షరాలు కంటికి కనబడవు, మెరిసే కర్సర్ ఒక్కటే కనబడుతుంది. కింది దాంట్లో అవే అక్షరాలు రంగులతో ఉంటాయి. భాషకు చెందిన ముఖ్యమైన మాటలు ఎరుపు, కోట్ గుర్తుల మధ్య రాసింది ఆకుపచ్చ. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటే రంగుల్లోనే రాస్తున్నట్టు ఉంటుంది.

కానీ అవి అలా కూర్చోలేదు. వాక్యం కాస్త పొడుగైతే చాలు, కర్సర్ అక్షరం పక్కన కాకుండా అక్షరం నడుమ నిలబడేది. తొమ్మిది రోజులు లెక్కలన్నీ తిరగేసింది. పదో రోజు విసుగొచ్చి, స్కేలు తీసి తెర మీదే పెట్టి కొలిచింది. ఎర్ర మాటల దగ్గరే తేడా వస్తోంది. అందంగా ఉంటుందని ఆ మాటల్ని కింది పెట్టెలో లావుగా పెట్టింది తనే. లావు అక్షరాలు ఎక్కువ చోటు తీసుకుంటున్నాయి. లావు తీసేయగానే కర్సర్ తన చోటికి వచ్చింది. ఖాళీ గదిలో ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

పిల్లలకు ఇచ్చేముందు ఇంట్లో ఒకరి చేత వాడించి చూద్దామనుకుంది. ఆమెకు నాలుగేళ్ల చిన్నవాడైన తమ్ముడు శ్యామ్‌ప్రసాద్ ఉన్నాడు. డిప్లొమా చదివాడు. రైలు నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష పాసై, వైద్యపరీక్షలో తప్పాడు. ఏమైందని అడిగితే కళ్లలో ఏదో తేడా అన్నారని చెప్పి ఊరుకున్నాడు. అప్పటి నుంచి బైకు విడిభాగాల దుకాణంలో పనిచేస్తున్నాడు. కోడు నేర్చుకోమని స్వర్ణ అడుగుతూనే ఉండేది, వాడు దాటేసేవాడు. ఆ ఆదివారం పొద్దున ఎందుకో కూర్చున్నాడు.

దుకాణంలో ఉండే సామాన్ల పేర్లు వరసగా రాయమంది. వాడు చకచకా రాశాడు, కానీ ఒకచోట కోట్ గుర్తు మూయడం మరిచిపోయాడు. దాని కిందున్నదంతా ఆకుపచ్చగా మారిపోయింది. పచ్చ ఎక్కడ మొదలైందో అక్కడే తప్పుందని స్వర్ణ చెప్పింది. వాడు వంగి చూసి ఒక వరస మీద వేలు పెట్టాడు. అది కాదు. ఇంకోదాని మీద పెట్టాడు. అదీ కాదు.

“ఎదురుగా కనిపిస్తంటే చూడవేటిరా?” అంది స్వర్ణ.

శ్యామ్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

“నాకు ఎరుపూ పచ్చా ఒకేలాగుంటాయక్కా. మెడికల్‌లో పోయింది అందుకే.”

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. డాక్టరు చుక్కల బొమ్మల పుస్తకం ముందు పెట్టి, అందులో కనిపించే అంకె చదవమన్నాడట. ముందున్నవాళ్లంతా గడగడా చదివేశారు. వీడికి చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. పేజీ తర్వాత పేజీ తిప్పుతుంటే అలాగే నిలబడ్డాడు. నాన్న జీవితమంతా ఎర్రజెండా, పచ్చజెండా సంచిలో పెట్టుకుని తిరిగిన మనిషి. ఆయనకు ఏమని చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పలేదు.

స్వర్ణే ఆ రెండు రంగులు ఎంచి, వాడి ముందు పెట్టి, చూడవేమని కసిరింది. మరి ఏ రంగులు వేరువేరుగా తెలుస్తాయో చెప్తావా అని అడిగింది.

అలా మూడు ఆదివారాలు గడిచాయి. ఆమె తెర మీద రెండేసి రంగులు పెట్టేది. “ఇవి వేరే,” “ఇవొకటే,” అని వాడు చెప్పేవాడు. ఈసారి వాడు ఏం చెప్పినా తప్పయ్యే వీల్లేదు. నీలం, నారింజ నిలిచాయి. రెండో ఆదివారం వాడే ఒక మాటన్నాడు.

“రంగు లేకపోయినా తెలియాలక్కా. ఎండలో ఫోన్ చూస్తే ఎవరికి మాత్రం రంగు తెలుస్తాది?”

దాంతో కోట్ గుర్తుల మధ్య రాతకు కింద చుక్కల గీత పెట్టారు. గీత అక్షరం చోటు తినదు కాబట్టి కర్సర్ కదలదు. మూయని కోట్ గుర్తు దగ్గర అలల గీత వస్తుంది.

మూడో ఆదివారం సన్యాసిరావు టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. ఏం చేస్తున్నారని అడిగాడు. స్వర్ణ తమ్ముడి వైపు చూసింది. వాడు తండ్రికి తనే చెప్పాడు, ఏదీ దాచకుండా.

“ముందే చెప్పుంటే, మళ్లీ దరఖాస్తు పెట్టమని నిన్ను అంతలా సతాయించకపోదును కదరా,” అన్నాడు ముసలాయన. కుర్చీ లాక్కుని, శుక్లం ఆపరేషన్ అయిన తన కళ్లకు ఆ గీతలు ఆనుతున్నాయో లేదో చూపించమన్నాడు.

పెట్టె మొత్తం పదకొండు కిలోబైట్లు అయింది. కేంద్రంలోని అన్నిటికంటే పాత కంప్యూటర్లో కూడా వేలు తీసేలోగా తెరుచుకుంది. మొదటి తప్పు పట్టుకున్నది హుంగీ. ఆమె తన కోడు పక్కన గుర్తు కోసం హిందీలో రెండు ముక్కలు రాసుకుంటుంది. అక్కడ గుణింతాలు అక్షరాల నుంచి విడిపోయి, చుక్కల సున్నాల పక్కన వేలాడుతున్నాయి. స్వర్ణ ఆ వారం పరీక్ష పేపర్లతో తలమునకలై ఉంది. ఆ ఆదివారాల నుంచి ఆమె దగ్గర కోడు నేర్చుకుంటున్న శ్యామ్, దుకాణం నుంచి వచ్చాక సాయంత్రాలు కూర్చుని ఆ కోడు చదివాడు. ఇంగ్లీషు కాని ప్రతి గుర్తునూ విడివిడిగా కోస్తున్న వరస పట్టుకుని, అక్షరాన్నీ దాని గుణింతాన్నీ కలిపి ఉంచేలా మార్చాడు. తెలుగులో కొట్టి చూశాడు. ఒత్తులు కూడా నిలిచాయి. స్వర్ణ ఆ మార్పును రెండుసార్లు చదివింది. దిద్దడానికి ఏమీ దొరకలేదు.

తర్వాత ఆమె దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా నెట్‌లో పెట్టింది. నెలన్నర దాకా ఎవరూ పలకరించలేదు. ఆపైన అస్సాం నుంచి ఒక టీచరు ఉత్తరం రాశాడు, తన క్లాసులో నలభైమంది దీంట్లోనే రాస్తున్నారని, తమ లిపిలో ఒకచోట చిక్కుందని. స్వర్ణ ఆ ఉత్తరం తమ్ముడికి పంపింది. ఆ లిపి ఎలా ఉంటుందో వాడికి తెలియదు, నేర్చుకుంటానన్నాడు.

ఇప్పుడు శ్యామ్ పొద్దుటి పూట దుకాణంలో, మధ్యాహ్నం నుంచి కేంద్రంలో ఉంటాడు. కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు పాఠం వాడే చెప్పాడు. తలుపు దగ్గర నిలబడి విన్న స్వర్ణకు, వాడు కాస్త తొందరగా మాట్లాడుతున్నాడనిపించింది. క్లాసయ్యాక చెబుదామని లోపలికి వెళ్లి, కొత్తవాళ్లకు సాయంగా వచ్చి చివరి బెంచీలో కూర్చున్న హుంగీ పక్కన కూర్చుంది.