పార్లరక్క కోపానికి రక్తపరీక్ష

కనుబొమలు తీసేవాళ్ళు చాలామంది దారం కొసని పళ్ళ మధ్య బిగించి పట్టుకుంటారు. పార్లరక్క మాత్రం మెడకి చుట్టుకుంటుంది. నోరు ఖాళీగా ఉండాలి మరి. కుర్చీలో ఉన్న మనిషి కళ్ళు మూసుకుని, రెండు చేతులతో రెప్ప మీది చర్మాన్ని లాగి పట్టుకుని ఉంటుంది. కదిలితే కనుబొమ పోతుంది. అంతకన్నా బుద్ధిగా సలహాలు వినే మనిషి ఎక్కడ దొరుకుతుంది?

"నీళ్ళు తాగుతున్నావా? తల ఊపకు, తెగుద్ది. తాగట్లేదు, నీ పెదాలే చెబుతున్నాయి."

"ఐరన్ బిళ్ళ దేంతో మింగుతున్నావ్? టీతోనా? ఇంకెందుకు మింగడం, టీ దాన్ని ఒంటికి పట్టనిస్తే కదా!"

"నలభై దాటాక అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలి. స్కూటర్‌కి సర్వీసింగ్ చేయిస్తావుగా, నువ్వు స్కూటర్ పాటి చెయ్యవా?"

ఆ మాట విన్న బ్యాంకు క్యాషియరమ్మ ఒక కనుబొమ పూర్తయ్యాక, రెండోది మొదలుపెట్టేలోపు దొరికిన సందులో కళ్ళు తెరిచింది.

"నువ్వు చేయించుకున్నావా అక్కా?"

పార్లర్‌లో హెయిర్ డ్రయర్ కూడా ఆగిపోయింది. పార్లరక్కకి నలభై ఏనాడో దాటింది. పరీక్షలంటూ ఎప్పుడూ చేయించుకున్నది లేదు. మరుసటి రోజే భర్తని వెంటబెట్టుకుని వెళ్ళింది.

ఇక్కడ ఆవిడ కోపం గురించి చెప్పాలి. ఆ గొంతు లేస్తే రోడ్డు అవతల టైర్ల షాపులో పంక్చర్లు వేసేవాళ్ళు తమనే తిట్టారేమోనని తల ఎత్తుతారు. ఊరికే రాదు కానీ, వచ్చాక ఊరికే పోదు. ఆ మధ్య అది మరిది మీద ఉంది. కండల మరిది అంటారు అందరూ. జిమ్‌లో ఉద్యోగం మానేసి, ప్రొటీన్ పొడి డబ్బాల వ్యాపారం పెడతానన్నాడు. ఎక్కడయ్యా అంటే, వదిన పార్లర్‌లో సగం గదిలో.

"సగమే కదా వదినా! ఆ కిటికీ దగ్గర ర్యాక్ పెట్టుకుంటా. నీ కస్టమర్లే నా కస్టమర్లు."

"కుదరదు."

"వదినా..."

"కుదరదంటే ఏ భాషలో అర్థం కాలేదు నీకు?"

ఆ గది ఒకప్పుడు ఇంటి ముందు భాగంలో విరిగిన మంచాలు పడేసే కొట్టు. ఆవిడ గోడ కొట్టించి, నిలువెత్తు అద్దం కిటికీ పెట్టించింది. షోకు కోసం కాదు. కనుబొమలకి పగటి వెలుతురు కావాలి. ట్యూబ్‌లైటు కింద తీస్తే ఒకటి పైకీ ఒకటి కిందకీ పోతాయి. ఆ కిటికీకి అడ్డంగా ర్యాక్ పెడితే ఆవిడ పని చెడినట్టే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీయించే ముందు అడిగింది. "ఏమైనా మందులు వాడుతున్నారా? విటమిన్లు?"

"అబ్బే, నేనా? అలాంటివాటి జోలికే పోనండీ," అంది పార్లరక్క గర్వంగా.

రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ గ్రంథి ఉండాల్సినదానికన్నా జోరుగా పనిచేస్తున్నట్టుందనీ, మందు ఇప్పుడే వద్దనీ, పది రోజులాగి వస్తే ఇంకోసారి చూసి నిర్ణయిద్దామనీ చెప్పింది డాక్టరమ్మ. ఈ జబ్బుంటే గుండె దడ, చెమటలు, చేతుల వణుకు, చిరాకు, కోపం ఉండొచ్చని కూడా చెప్పింది. పక్కనే కూర్చున్న భర్త వాచీలు బాగుచేసే మనిషి. చిన్న చప్పుడు కూడా వింటాడు. కానీ ఆ వరసలో ఆయనకి చివరి మాట ఒక్కటే వినపడింది.

ఇంటికొచ్చి తల్లికి మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఆ కోపం తనది కాదట. గ్రంథిదట."

"నేను ముందే అనుకున్నా," అంది అత్తగారు. "పెళ్ళైన వారానికే బయటపడింది ఆ గ్రంథి."

ఆ మాట కస్టమర్ల దాకా పాకింది. అప్పట్నుంచీ పార్లరక్కకి ఇంట్లోనూ పార్లర్‌లోనూ మర్యాద ఎక్కువైంది, విలువ పోయింది. కుళాయి కట్టకుండా వదిలేశారని అరిస్తే భర్త వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇంట్లోనే మొహానికి బ్లీచ్ రాసుకుని చర్మం కాల్చుకున్న కాలేజీ పిల్లని చడామడా వాయిస్తే, ఆ పిల్ల జాలిగా చెయ్యి పట్టుకుంది. "పర్లేదక్కా, నీ తప్పు కాదులే."

"నా తప్పేంటే! తప్పు నీది!"

"సరే అక్కా, నాదే. నువ్వు కూర్చో."

తిట్టినవాళ్ళకి తిట్టిన సుఖం లేదు, తిట్లు తిన్నవాళ్ళకి బుద్ధి రాలేదు.

ఇంతలో మరిది కొలతల టేపుతో దిగాడు. కిటికీ దగ్గర టేపు లాగుతుంటే ఆవిడ దువ్వెన పుచ్చుకుని అడ్డంగా నిలబడింది.

"కుదరదని చెప్పానా లేదా?"

"చెప్పావు వదినా. కానీ ఒంట్లో బాగాలేనప్పుడు నువ్వన్నవి పట్టించుకోవద్దన్నాడు అన్నయ్య. కాస్త జరుగు, టేపు అందట్లేదు."

భర్త వైపు చూసింది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని గడియారంలోకి దూరిపోయాడు.

రెండ్రోజుల్లో ఇనప ర్యాక్ వచ్చి కిటికీని మింగేసింది. దాని నిండా బిందెలంతేసి డబ్బాలు, ప్రతి డబ్బా మీదా చొక్కా లేని మనిషి. ట్యూబ్‌లైటు వేసుకుని క్యాషియరమ్మకి కనుబొమలు తీసింది పార్లరక్క. మర్నాడు బ్యాంకులో కౌంటర్ దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఏంటి మేడమ్, నోటు దొంగదా?" అని కంగారుపడ్డారట. ఎడమ కనుబొమ అనుమానంగా పైకి లేచి అక్కడే ఉండిపోయింది.

పార్లరక్క మొదటిసారి భయపడింది. జబ్బుకి కాదు. మందు వేసుకుంటే జబ్బు తగ్గుతుంది. కానీ ఆ "కుదరదు" అన్నది తను కాక, నిజంగా ఆ గ్రంథే అయితే? ఇన్నాళ్ళూ న్యాయం అనుకుని చేసిన గొడవలన్నీ ఒట్టి వాపు లాంటివైతే?

పదో రోజున డాక్టరమ్మ ముందు కూర్చుంది. కంగారులో చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగులోకి పోయి, నక్షత్రం ఆకారంలో ఉన్న నారింజరంగు జెల్లీ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. మర్యాద గుర్తొచ్చి ఇంకోటి డాక్టరమ్మకి ఇచ్చింది.

"తీసుకోండి. జుట్టుకి మంచిది. మా పార్లర్‌లో అమ్ముతాను."

డాక్టరమ్మ దాన్ని తినలేదు. "సీసా ఉందా?"

ఉంది. సగం ఖాళీ. వెనకనున్న చీమతలకాయంత అక్షరాలు చదివి డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసింది.

"ఇందులో బయోటిన్ ఉంది, అదో విటమిన్. రోజుకి ఒకటి అని రాశారు. మీరు ఎన్ని తింటారు?"

"లెక్కేంటండీ... కస్టమర్‌కీ కస్టమర్‌కీ మధ్య గుప్పెడు."

"విటమిన్లు వాడనన్నారుగా?"

"ఇవి విటమిన్లేంటండీ, నమిలేవి! మందంటే నీళ్ళతో మింగాలి కదా?"

డాక్టరమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, నవ్వు అదుపులోకి వచ్చాక చెప్పింది. బయోటిన్ ఇంత మోతాదులో ఒంట్లో ఉంటే, థైరాయిడ్ పరీక్ష కొన్నిసార్లు తప్పు చూపిస్తుంది. గ్రంథి మామూలుగానే ఉన్నా, పరుగులు పెడుతున్నట్టు కనిపించొచ్చు. "అలాగని జబ్బు లేదని ఇప్పుడే అనను. వారం పాటు ఇవి పూర్తిగా ఆపి, మళ్ళీ పరీక్ష చేయించుకోండి. ఈసారి ఎవరైనా మందులేమిటని అడిగితే, మింగేవీ, నమిలేవీ, కలుపుకుని తాగేవీ అన్నీ చెప్పండి."

ఆ వారం పార్లరక్క ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. తేలేదాకా నోరెత్తకూడదని ఒట్టేసుకుంది. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే తీసి ఆరేసింది. మరిది ఆవిడ కస్టమర్ల కుర్చీలో కూర్చుని కండలు అద్దంలో చూసుకుంటుంటే పక్కకి తప్పుకుని వెళ్ళింది.

"మందు భలే పట్టింది," అన్నాడు భర్త సంతోషంగా.

"ఏ మందూ ఇవ్వలేదుగా ఇంకా?" అంది అత్తగారు.

"మరదే. ఇవ్వకుండానే పట్టింది."

రిపోర్టు వచ్చిన సాయంత్రం పార్లరక్క ఇంటిల్లిపాదినీ పార్లర్‌లో కూర్చోబెట్టింది. మరిదికి చుట్టూ తిరిగే కుర్చీ, అత్తగారికి తల కడిగే కుర్చీ, భర్తకి స్టూలు. కాగితం విప్పి, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. జెల్లీల సంగతీ దాచలేదు.

"అన్నీ మామూలే. గ్రంథి బంగారంలా ఉంది. అర్థమైందా?"

"అమ్మయ్య!" అన్నాడు భర్త. "అంటే ఇంక కోపం రాదన్నమాట."

"కాదండీ. ఇప్పటిదాకా వచ్చిందంతా నాదేనన్నమాట."

ఆ తర్వాత టైర్ల షాపులో పంక్చర్లు వేసేవాళ్ళు తల ఎత్తారు. చాలాసేపు దించలేదు. వారం రోజుల తువ్వాళ్ళు, కుళాయి, టేపు, క్యాషియరమ్మ ఎడమ కనుబొమ అన్నీ వరసగా వచ్చాయి. మరిది తిరిగే కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. ఆవిడ దాన్ని మళ్ళీ తనవైపు తిప్పింది.

"ర్యాక్ ఎప్పుడు తీస్తావ్?"

"రేపు వదినా..."

"ఎప్పుడు?"

"అన్నయ్యా, అటు కొస పట్టుకో."

అన్నదమ్ములిద్దరూ ర్యాక్‌ని కిటికీ ముందు నుంచి జరిపి ఆపసోపాలు పడుతూ బయటికి మోశారు. కండల మరిది గుమ్మం దగ్గర రెండుసార్లు కింద పెట్టాడు, వాచీల ఆయన ఒక్కసారీ పెట్టలేదు. పొద్దువాలే ముందటి వెలుతురు నేల మీద పరుచుకుంది. పార్లరక్క సెల్‌ఫోన్ తీసి, పొద్దున్నే వచ్చెయ్యమని, ఆ ఎడమదాన్ని ఊరికే సరిచేస్తానని క్యాషియరమ్మకి చెప్పింది.

అత్తగారు మాత్రం తల కడిగే కుర్చీలోంచి లేవలేదు. ఏదో లెక్క తేలనట్టు ఆలోచిస్తోంది.

"ఏమ్మా," అంది చివరికి. "ఇన్నేళ్ళుగా నన్నన్నవన్నీ గ్రంథి అందనుకుని మొన్నే నిన్ను క్షమించేశాను కదా. ఇప్పుడు వాటి సంగతేంటి?"

"అవీ నేనే అన్నాను అత్తయ్యా."

"అయితే సరే," అంది ఆవిడ కొంగు బిగించుకుని లేస్తూ. "ఇక నేను మొదలుపెట్టొచ్చు. ఇన్నాళ్ళూ జబ్బుమనిషివని ఊరుకున్నా."