బూయాబేస్ అడిగిన రోజు

విజయనగరంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివేటప్పుడు, చివరి ఏడాది వైవా రోజున నాన్న బోటు జాడ లేదు. ముందురోజు సాయంత్రానికే వేట నుంచి తిరిగి రావాల్సింది. ఈలోగా గాలి తిరిగింది. శ్రీకాకుళం తీరంలోని మా ఊరికి వచ్చేస్తానంటే అమ్మ ఫోన్లోనే కసిరింది.

"నువ్వొచ్చి ఏడిసి సేసేదేటి? పరీచ్చకెళ్లు. కబురొస్తే నేనే ఫోన్ సేస్తాను."

వెళ్లాను, ఒళ్లు మండిపోతూ. అమ్మ మీద, నాన్న మీద, సముద్రం మీద, ఇస్త్రీ నలగకూడని ఆ తెల్లకోటు మీద కూడా కోపమే. ఫోన్లు ఎగ్జామినర్ బల్ల మీద పెట్టమన్నారు. నాది కనిపించేలా అంచున పెట్టాను. ఆయన తలెత్తకుండానే అడిగారు, బూయాబేస్ అంటే ఏమిటని.

ఫ్రాన్స్ దక్షిణాన ఒక రేవులో పుట్టిన చేపల పులుసు. మరిగించు, మంట తగ్గించు అనే రెండు మాటలు కలిసి ఆ పేరయింది. గడగడా అప్పజెప్పేశాను.

"ఎవరు వండేవారు?"

"వేటకెళ్లేవాళ్లు సార్. మంచి చేపలు అమ్మేసి, ఎవరూ కొనని ముళ్ల చేపలు తమకోసం వండుకునేవారు."

మా ఇంట్లోనూ అంతే. వంజరం బజారుకు పోయేది, ముళ్ల చేపలు మాకు మిగిలేవి. ఆ సంగతి ఆయనకు చెప్పాలనిపించలేదు.

"ఎప్పుడు వండేవారు?"

"బోటు ఒడ్డుకొచ్చాక."

రాకపోతే ఏం వండుతారో పుస్తకంలో లేదు. 

అప్పుడే బల్ల మీద నా ఫోను వణికింది. తెర మీద అమ్మ పేరు. ఎగ్జామినర్ పక్కకు జరపబోతే లాక్కున్నాను. "బయటికెళ్తే మార్కులుండవు" అన్నారాయన. వెళ్లిపోయాను. వరండాలో బటన్ నొక్కడానికి భయమేసింది. నొక్కేవరకూ నాన్న బతికున్నట్టే కదా. కాల్ ఆగిపోతుందేమోనని చివరికి నొక్కాను.

నాన్నే మాట్లాడాడు. ఇంజను ఆగి ఒడిశా వైపు కొట్టుకుపోయారట, వేరే బోటువాళ్లు లాక్కొచ్చారట.

"పరీచ్చ అయిపోనాదేటే?" అన్నాడు, సంతకెళ్లొచ్చినవాడిలా.

బుద్ధెరిగాక నాన్నను ఒక్క మాట అనలేదు. ఆరోజు నోటికొచ్చినట్టు తిట్టాను. తోటివాళ్లు చూస్తున్నా ఆగలేదు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. లైను పోయిందేమోనని హడలిపోయి "నాన్నా" అన్నాను.

"వింటన్నానమ్మా" అన్నాడు. "ఆపకు."