గీత బయట విత్తనపు కాయలు

ఆ రోజుల్లో ఆదివారం అంటే ఊరందరికీ విశ్రాంతి, నాకు మాత్రం తలనొప్పి. తొంభైల మొదట్లో, మాకు పెళ్లయి కొన్నేళ్లే అయినప్పటి సంగతి. మా ఆయన మదనపల్లె టమాటా మండీలో గుమాస్తా. వారమంతా మండీ గోలలో ఎవరికీ వినిపించని ఆయన గొంతు, ఆదివారం సాయంత్రం ఈలగా బయటికొచ్చేది. జీతం లేదు, బత్తెం లేదు, ఊరికే ఫుట్‌బాల్ ఆటలకు రెఫరీగా పోయేవాడు. తెల్ల చొక్కాతో పోయి ఎర్రమట్టి చొక్కాతో వచ్చేవాడు. (సబ్బు ఊరికే వస్తుందా అని అడిగితే, ఈల తుడుచుకుంటూ కూర్చునేవాడు.) మూడో తరగతి దాటని నాకు ఆ ఆట గురించి తెలిసింది ఒకటే. ఇరవైమంది బంతిని తరుముతారు, బంతి దొరకనప్పుడు మా ఆయన్ని తరుముతారు.

ఊళ్ల జట్లు అట్లే ఉండేవి. పుంగనూరు వాళ్లు అడ్డమొచ్చినవాణ్ణి తోసేవాళ్లు, కుప్పం వాళ్లు తోయకముందే పడిపోయేవాళ్లు. ఎర్ర అట్ట చూపించి ఒకణ్ణి పూర్తిగా పంపేస్తే వాడి వెనకాలే జట్టంతా బయటికి నడిచేది, ఆట ఆగిపోయేది. అందుకని మా పక్క ఒక పద్ధతి పెట్టుకున్నారు. నోరు జారినవాణ్ణి కాసేపు గీత బయట కూర్చోబెట్టి, కోపం దిగాక లోపలికి పిలవడం. చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ, కోపం దిగేదెక్కడ? బయట పని లేక కూర్చున్నవాడు రెఫరీనే కాకుండా ఆయన్ని కన్న మా అత్తను కూడా తలుచుకునేవాడు. అట్లాంటి గొడవలోనే ఒక వారం ఆట సగంలో ఆగిపోయింది. పోటీలు నడిపే డ్రిల్లు మాస్టరు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, లోటా కింద పెట్టి మెల్లగా చెప్పాడు.

"వచ్చే ఆదివారం పుంగనూరుకీ కుప్పానికీ ఆఖరాట. అదీ నిలిసిపోయిందంటే ఈల ఇంకొకరికి ఇయ్యాల్సొస్తాదప్పా. ఏమనుకోవాకు."

ఆ రాత్రి మా ఆయన సంగటి ముద్ద ముట్టలేదు. నిజానికి నాకు సంతోషంగానే ఉండాలి. ఈల పోతే ఆదివారాలైనా చేను పట్టున ఉంటాడు. కానీ ఆ ముఖం చూస్తూ సంతోషపడడం నా వల్ల కాలేదు. (ముద్ద మాత్రం పొద్దున మజ్జిగలో పిసికి నేనే తాగాను.)

ఆఖరాట రోజు, దెబ్బలు తినొస్తాడేమోనని నేనూ బయల్దేరాను. అది విత్తనాల అదను. అంగళ్లు అనే ఊరి దగ్గరున్న మా మెట్ట చేనికి మూటెడు వేరుశనగ కాయలు ఒలవాల్సి ఉంది. చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు చేతకాదు కాబట్టి మూటా, చాటలూ సైకిలు మీద కట్టించాను. రెఫరీ సైకిలు మీద గోతం చూసి జనం నవ్వారు. నేను గీత పక్కన నీడ చూసుకుని పని మొదలుపెట్టాను.

ఆట మొదలైన కాసేపటికే పుంగనూరు జట్టులో పొట్టిగా, బలంగా ఉండే ఒకణ్ణి (అందరూ గిత్త అనేవాళ్లు) మా ఆయన బయటికి పంపాడు. వాడొచ్చి నా పక్కనే కూలబడి, రెఫరీని తిట్టడం మొదలుపెట్టాడు.

"కండ్లుండాయా నీకు? పోయి మండీలో కుళ్లిన టమాటాలు ఏరుకోపో."

"ఏమప్పా," అన్నాను, "నోరు పని చేస్తాంటే చేతులు ఊరికే యాల ఉండాల? ఇంద, ఒలువు."

"నేను ఆటగాణ్ణక్కా."

"ఇప్పుడు ఆడతాండావా? లేదు గదా. ఈ చాట అయిందాకా లోపలికి పోయేది లేదు."

గిత్త న్యాయం కోసం రెఫరీ వైపు చూశాడు. రెఫరీ నా వైపు చూసి, అటు తిరిగి ఈల ఊదాడు. (మా కాపురంలో ఆయన తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో అదొకటి.)

"మెల్లగా నొక్కప్పా. గింజకు పొర లేసిందంటే మొలవదు."

పిడికిలి బిగించి వచ్చినవాడు రెండు వేళ్లతో ఒలవసాగాడు. అది చూసి పడిపడి నవ్విన కుప్పం మీసాల కెప్టెను, మా ఆయన్ని భుజంతో తోసి, ఇంకాసేపటికి వాడి పక్కనే వచ్చి కూర్చున్నాడు.

"సుమ్మనే కూసుంటానక్కా, ఊరికే. చెయ్యి నొప్పిగా ఉండాది."

"రెఫరీని తోసేటప్పుడు లేదా నొప్పి?"

మీసాలాయన చాట దగ్గరికి లాక్కున్నాడు. కాసేపటికి ఇద్దరూ ఆట మరిచి, ఎవరి గింజలకు పొర లేచిందని వాదులాడుకుని, ఆ తర్వాత పుంగనూరులో వాన పడిందా, కుప్పంలో దుక్కులయ్యాయా అనే మాటల్లో పడ్డారు.

ఇక మైదానమంతా మర్యాదే. పడ్డవాణ్ణి ఎదుటి జట్టువాడే లేపుతున్నాడు. డ్రిల్లు మాస్టరు ముఖం వెలిగిపోయింది. నా ముఖం మాత్రం వాడింది. మూట ఇంకా సగం ఉంది, కొత్తగా ఒక్కడూ రాడు. చివరికి ఎవడో కుర్రాడు కాస్త తడబడి ఇంకొకణ్ణి తగలగానే లేచి నిలబడ్డాను.

"వాడు కావాలనే తగిలినాడు, నేను సూసినా. ఈడికి పంపు వాణ్ణి."

మా ఆయన ఆట ఆపి, నింపాదిగా నా దగ్గరికి నడిచొచ్చాడు. జేబులోంచి ఎర్ర అట్ట తీశాడు.

"ఏమ్మే, రెఫరీతో వాదించేటోళ్లు గీత బయట కూసోవాల."

"నేను ఉండేది బయటే గదా."

"అయితే నోరు మూసుకోని ఒలువు."

మైదానం మైదానమంతా నవ్వింది. గిత్త తన చాట నా ముందుకు జరిపాడు. ఇంట్లో ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడిన రోజు లేదు. కూర్చున్నాను.

ఆట చివరిదాకా సాగింది, కుప్పం గెలిచింది, ఈల మా ఇంట్లోనే ఉండిపోయింది. కొన్నాళ్లకు కుప్పం నుంచి కబురు వచ్చింది. తమ ఊళ్లో ఆటలకు రెఫరీగా ఆయనే రావాలట, ఆయమ్మను మాత్రం తోడు తీసుకురాకూడదట.

ఆయన ఒక్కడే పోయాడు. ఆ సాయంత్రం నేను ఇల్లు ఊడ్చిందే ఊడ్చాను. చేద్దామంటే పనులు బోలెడు, ఒక్కటీ చేతికి రాలేదు. చీకటి పడ్డాక బస్సు దిగి వచ్చిన మనిషిని గడపలోనే ఆపి, సబ్బు సంగతి మరిచిపోయి, "ఎవరు గెలిచినారు?" అని అడిగాను. పెళ్లయినప్పటి నుంచీ నేను ఒక్కసారి కూడా అడగని మాట అది. ఆ వింతకు ఆయన జవాబే మరిచిపోయాడు. ఇద్దరం గడపకు అటొకరు ఇటొకరు అట్లే నిలబడ్డాం, ఆయన గుర్తు తెచ్చుకుంటూ, నేను ఎదురుచూస్తూ.